షోరూమ్‌లోని ప్రతి కారు మీదా స్టార్లు రాయించండి: కేంద్ర రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు కేంద్ర రహదారి రవాణా, రహదారుల శాఖ మంత్రి నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారాలు.

నేను సూర్యాపేటలో ఉంటూ వాహన బీమా సర్వేయర్‌గా పని చేస్తున్నాను. ప్రమాదం జరిగాక బండి దగ్గరికి వెళ్లి, ఎంత దెబ్బతిన్నదో చూసి, బాగు చేయించవచ్చా, బాగు చేయలేనంత పాడైన ‘టోటల్ లాస్’ కింద రాయాలా అన్నది తేల్చడం నా పని. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే పోతుంది కాబట్టి నాకు పనికి కొదవ లేదు. ఈ మాట రాయడానికి మనసొప్పదు గానీ, నిజం అదే.

అడగదలచుకున్నది ముందే చెబుతాను. మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారు మీదా, క్రాష్ టెస్టులో, అంటే కారును కావాలని గుద్దించి చూసే పరీక్షలో, దానికి అయిదింటికి ఎన్ని స్టార్లు వచ్చాయో కొనేవాళ్ల కంటపడేలా రాసి ఉండాలి. టెస్టే చేయించని కారైతే ‘ఈ కారుకు క్రాష్ టెస్టు చేయించలేదు’ అని అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇది కంపెనీల ఇష్టానికి వదిలేసే విషయం కాదు. మీ శాఖ నియమంగా తేవాలి.

ఫ్రిజ్ కొనడానికి షాపుకు వెళ్తే తలుపు మీదే స్టార్లు అంటించి ఉంటాయి. ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు కాలుతుందో కూడా రాసి ఉంటుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకూ ఏసీలకూ ఆ లేబుల్ 2010 నుంచి తప్పనిసరి. అది చూసే జనం మూడు స్టార్లది కావాలా, అయిదు స్టార్లది కావాలా అని బేరం మొదలుపెడతారు. కంపెనీలు కూడా ఆ స్టార్ల కోసం పోటీ పడి మిషన్లను మెరుగు చేసుకున్నాయి. పాతిక వేల ఫ్రిజ్‌కు ఉన్న నియమం, నలుగురు మనుషులను కూర్చోబెట్టుకుని గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే ఆరు లక్షల కారుకు లేదు. ఇలా ఎందుకుందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

కార్లకు రూల్స్ లేవని నేననడం లేదు. ఉన్నాయి, వాటిలో చాలా మీ హయాంలోనే వచ్చాయి. ముందు నుంచీ పక్క నుంచీ గుద్దించి చూసే పరీక్షలు 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకూ, 2019 అక్టోబర్ నుంచి అన్నిటికీ తప్పనిసరి అయ్యాయి. 2019లోనే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు అలారం, రివర్స్ సెన్సర్లు వచ్చాయి. ముందు సీటులో పక్కన కూర్చున్నవారికి కూడా ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి అన్ని కార్లకూ ఉండి తీరాలన్నారు. ఇవి ప్రాణాలు కాపాడుతున్నాయి. నేను రోజూ చూసే బండ్లలోనే ఆ తేడా తెలుస్తోంది.

అయితే చట్టం అడిగేది కనీసం ఇంత ఉండాలని మాత్రమే. చట్టం ప్రకారం ముందు నుంచి గుద్దించే పరీక్ష గంటకు 56 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. స్టార్లు ఇచ్చే పరీక్షలో అదే దెబ్బ 64 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. ఎనిమిది కిలోమీటర్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ ఢీకొన్నప్పటి శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి లెక్క కడితే అది దాదాపు 30 శాతం ఎక్కువ దెబ్బ. చట్టం పరీక్ష పాసైన కారుకు స్టార్ల పరీక్షలో సున్నా వచ్చిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. రెండు కార్లూ చట్టబద్ధమే, రెండూ ఒకే షోరూమ్ వీధిలో దొరుకుతాయి, ధరలో తేడా ఒక పాతిక వేలు ఉండవచ్చు. ఒకదాంట్లో మనిషి కూర్చునే గది నిలబడుతుంది, రెండోదాంట్లో నలిగిపోతుంది. బయటి నుంచి ఎంత చూసినా ఆ సంగతి తెలియదు.

గుద్దుకున్నాక తెలుస్తుంది. నేను ఏ బండి దగ్గరికి వెళ్లినా మొదట చేసే పని డ్రైవర్ డోరు పట్టుకుని లాగి చూడటం. బానెట్ నుజ్జునుజ్జయి, రేడియేటర్ ఇంజన్‌కు అతుక్కుపోయి, బంపర్ ఎక్కడో పడి ఉన్నా సరే, డోరు చేత్తో లాగితే వచ్చిందంటే నాకు సగం ధైర్యం వస్తుంది. ముందు భాగం తాను నలిగి, దెబ్బను తాను మింగి, లోపలి గదిని వదిలేసిందని అర్థం. డోరు రాకుండా గ్యాస్ కట్టర్‌తో కోసి ఉంటే ముందద్దం పక్కన నిలబడే పిల్లర్ వంగిపోయి ఉంటుంది. అప్పుడు వంగి పెడళ్ల వైపు చూస్తాను. అడుగున ఉండే ఫ్లోరు ముడతలు పడి, బ్రేకు పెడలు సీటు దగ్గరికి జరిగి, స్టీరింగ్ పైకి లేచి ఉంటుంది. ఆ జాగాలో మనిషి కాళ్లు ఉండాలి. ఆసుపత్రికి ఫోన్ చేయకుండానే డ్రైవర్ పరిస్థితి ఏమిటో ఊహించగలను.

ఆ తరువాత బెల్టు చూస్తాను. ప్రమాదం జరిగిన క్షణంలో బెల్టును వెనక్కి లాగి బిగించే చిన్న పరికరం ఉంటుంది, ప్రిటెన్షనర్ అంటారు. అది పేలాక బెల్టు ఎక్కడ ఉంటే అక్కడే బిగుసుకుపోతుంది. మనిషి పెట్టుకుని ఉంటే బయటికి సాగి ఆగిపోయి వేలాడుతుంది. పెట్టుకోకపోతే పక్క పిల్లర్‌కు అంటుకుని ఉండిపోతుంది. ఒక్కోసారి బకిల్‌లో అలారం మోగకుండా పెట్టే ఉత్త క్లిప్పు కూడా దొరుకుతుంది. 2023లో వినియోగదారుల హక్కుల కేంద్ర ప్రాధికార సంస్థ ఆ క్లిప్పుల అమ్మకాన్ని ఆన్‌లైన్‌లో ఆపించినప్పుడు తీసేసిన ప్రకటనలే 13,118. చావును కొని తెచ్చుకునే వస్తువుకు అంత గిరాకీ ఉందని అప్పుడు తెలిసింది. 2022లో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది అని మీ శాఖ నివేదికే చెప్పింది. వారిలో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకనో కూర్చున్నవారు. ఈ తప్పు మా జనానిది. దాన్ని కంపెనీల మీదకో మీ మీదకో నెట్టను. కానీ బెల్టు పెట్టుకుని, లిమిట్‌లో పోతూ, తన వైపు తప్పేమీ లేకుండా ఎదుటి బండి వచ్చి తగిలినవాడు కూడా చనిపోతున్నాడు. వాడు చేయాల్సిందంతా చేశాడు. వాడి కారు చేయలేదు.

ఈ మాట కొత్తది కాదని మీకు బాగా తెలుసు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే అంతర్జాతీయ కార్ల పరీక్షా సంస్థ మన దేశపు చిన్న కార్లను మొదటిసారి గుద్దించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగులు లేని బేస్ మోడళ్లలో పెద్దల రక్షణకు అయిదింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. అప్పుడు అందరూ ఎయిర్‌బ్యాగుల గురించే మాట్లాడారు గానీ, ఆ నివేదికలో అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. ఆల్టో, నానో, ఐ10ల బాడీయే దెబ్బకు నిలబడలేదనీ, వాటికి ఎయిర్‌బ్యాగులు పెట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదనీ చెప్పారు. ఫిగో, పోలోల బాడీ నిలబడింది. రెండు ఎయిర్‌బ్యాగులతో పోలోను మళ్లీ పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి.

ఇది సామాన్యులకు తెలియాల్సిన సంగతి. షోరూమ్‌లో ‘ఎన్ని ఎయిర్‌బ్యాగులు?’ అని అడగడం ఇప్పుడు అలవాటైంది, మంచిదే. ఆరు ఉన్నాయనగానే ఇక భయం లేదనుకుంటారు. కానీ ఎయిర్‌బ్యాగ్ అనేది గట్టి గదిలో బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషికి అదనపు రక్షణ. గదే కూలిపోతే సంచీ ఎక్కడ ఆనుకుంటుంది? 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఆల్టో కే10నూ వ్యాగన్ ఆర్‌నూ పరీక్షించింది. చిన్నదైన ఆల్టో బాడీ నిలకడగా ఉందని, దానికంటే పెద్దదీ ఖరీదైనదీ అయిన వ్యాగన్ ఆర్ బాడీ నిలకడగా లేదని తేలింది. ఆల్టోకు రెండు స్టార్లు, వ్యాగన్ ఆర్‌కు ఒకటి. ధర చూసో సైజు చూసో డోరు వేసినప్పుడు వచ్చే చప్పుడు విని చూసో ఎవరైనా ఈ ఫలితం ఊహించగలరా? మా వాళ్లు ఇప్పటికీ డోరు చప్పుడు వినే కారు గట్టిదా కాదా తేలుస్తున్నారు. వాళ్లకు అంతకు మించి చూసుకునే దారి మనం ఇవ్వలేదు.

ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022 జనవరిలో మీరు ముసాయిదా తెచ్చారు. ఆ ఏడాది అక్టోబర్ అన్నారు, తరువాత 2023 అక్టోబర్ అన్నారు, చివరికి తప్పనిసరి చేయబోమని ప్రకటించారు. అప్పుడు చాలామంది మిమ్మల్ని తప్పుపట్టారు. నేను అంత తప్పుపట్టను. ఎయిర్‌బ్యాగుల లెక్క కంటే మొత్తం బండి ఎలా నిలబడుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబుగానే మన సొంత క్రాష్ టెస్టు పథకం భారత్ ఎన్‌క్యాప్ వచ్చిందని నేను నమ్మాను. 2023 ఆగస్టు 22న మీరే దాన్ని ప్రారంభించారు. అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెద్దల రక్షణకు 32 పాయింట్లు, పిల్లల రక్షణకు 49 పాయింట్లు, ముందు నుంచి 64 కిలోమీటర్ల వేగంతో, పక్క నుంచి 50తో, మూడు స్టార్లు గానీ అంతకు మించి గానీ కావాలంటే స్తంభానికి పక్కగా 29తో గుద్దించే పరీక్ష. మన దేశంలో, మన సంస్థల చేతుల మీదుగా. చాలా గొప్ప పని చేశారు. ఆ రోజు నేను నిజంగా సంతోషించాను.

కానీ దాన్ని స్వచ్ఛందం అన్నారు. అక్కడే చిక్కొచ్చింది. మార్కులు బాగా వస్తాయన్న నమ్మకం ఉన్నవారు ముందుకొస్తారు, లేనివారు ఊరుకుంటారు. 2023 డిసెంబర్‌లో వచ్చిన తొలి ఫలితాలు టాటా హ్యారియర్, సఫారీలవి. రెండూ అయిదు స్టార్లు తెచ్చుకున్న మంచి బండ్లే. కానీ పదిహేను లక్షలు పెట్టగలిగినవాడికి నలుగురినీ అడిగి తెలుసుకునే వెసులుబాటు ఉంటుంది. అయిదారు లక్షల్లో మొదటి కారు కొనుక్కునే టీచర్‌కో, మిర్చి అమ్మిన డబ్బుతో డౌన్ పేమెంట్ కట్టే రైతుకో ఆ సమాచారం ఎక్కువ అవసరం. స్టార్లు వచ్చిన కంపెనీ వాటిని పెద్ద హోర్డింగుల మీద వేసుకుంటుంది. రానివాటి గురించి, అసలు పరీక్షకే పంపనివాటి గురించి ఎవరూ మాట్లాడరు. కొనేవాడికి ఆ మౌనం వినబడదు. వాడి కళ్ల ముందు టచ్ స్క్రీన్ వెలుగుతూ ఉంటుంది, సన్‌రూఫ్ తెరుచుకుంటూ ఉంటుంది, సేల్స్ కుర్రాడు మైలేజీ చెబుతూ ఉంటాడు.

జనానికి సేఫ్టీ అక్కర్లేదు, మైలేజీయే కావాలి అని కొందరు పరిశ్రమ పెద్దలు చాలా ఏళ్లు చెప్పారు. నాకు ఆ మాట ఎప్పుడూ అన్యాయంగానే తోచింది. కొత్త కారు రాగానే మనవాళ్లు ముందు గుడికి తీసుకెళ్తారు. పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఇంటిల్లిపాదీ ఆ బండిలో క్షేమంగా తిరగాలన్న కోరిక తప్ప దాంట్లో ఇంకేం లేదు. అంత కోరిక ఉన్నవాళ్లు తెలిస్తే పట్టించుకోరా? 2021 అక్టోబర్‌లో టాటా పంచ్ 5.49 లక్షల ప్రారంభ ధరతో వచ్చింది. రెండు ఎయిర్‌బ్యాగులే ఉన్నాయి, అయినా అప్పటి నిబంధనల ప్రకారం అయిదు స్టార్లు తెచ్చుకుంది. 2024లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అదే. ఒక్క స్టార్ల వల్లే అమ్ముడైందని నేను చెప్పను. స్టార్లు ఉన్నందుకు జనం పారిపోలేదన్నది మాత్రం ఖాయం. 2014లో నానోకు సున్నా తెచ్చుకున్న కంపెనీయే 2018లో నెక్సాన్‌కు దేశంలోనే మొదటి అయిదు స్టార్లు తెచ్చుకుంది. ఏళ్ల తరబడి చాలా మోడళ్లకు తక్కువ స్టార్లే తెచ్చుకున్న మారుతి 2024లో కొత్త డిజైర్‌తో అయిదుకు చేరింది. అప్పట్లో దాని ప్రారంభ ధర 6.79 లక్షలు. మా తెలుగు నేల మీద పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది. అక్కడి సెల్టోస్‌కు 2020లో మూడు స్టార్లు వచ్చాయి, సైరోస్‌కు 2025లో భారత్ ఎన్‌క్యాప్ అయిదు స్టార్లు ఇచ్చింది. అదే ఫ్యాక్టరీ. మనవాళ్లకు చేతకాక మంచి బండ్లు రావడం లేదని ఇక ఎవరూ అనలేరు. బయటపెట్టి అడిగితే చేస్తారు, అడగకపోతే చేయరు.

బయటి దేశాల్లోనూ ఇలాగే జరిగింది. 1997లో ఐరోపాలో ఇలాంటి పరీక్షలే చేసే యూరో ఎన్‌క్యాప్ తొలి ఫలితాలు ప్రకటించినప్పుడు నాలుగు స్టార్లు తెచ్చుకోవడం అసాధ్యమని అక్కడి పరిశ్రమ వాదించింది. కొన్ని నెలలు తిరక్కుండానే వోల్వో ఎస్40 తెచ్చుకుంది. ఒక్క స్టార్ వచ్చిన రోవర్ 100 తయారీ ఆ ఏడాది చివరికే ఆగిపోయింది. ఇక అమెరికాలో కొత్త కారు అద్దానికి ధర వివరాలతో ఒక కాగితం అంటించి ఉండాలన్న చట్టం ఎప్పటి నుంచో ఉంది. 2007 సెప్టెంబర్ నుంచి దాని మీదే ప్రభుత్వ క్రాష్ టెస్టు స్టార్లు కూడా రాయాలన్నారు. రేటింగ్ లేని కారైతే లేదన్న సంగతి రాయాలి. నేను మీ నుంచి అడుగుతున్నది అచ్చంగా అదే. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

చిన్న కారు ఖరీదు పెరిగితే బైకు మీద పోయేవాడు కారుకు మారలేడు, బైకు మీదే ఉండిపోతాడు, అది ఇంకా పెద్ద ప్రమాదం అని పరిశ్రమ చెప్పే వాదన ఒకటుంది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. 2022లో రోడ్ల మీద చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవారే. కార్లు, ట్యాక్సీలు, వ్యాన్లలో వెళ్తున్నవారు ఎనిమిదిలో ఒకరు. భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఒకే బండి మీద ఎక్కించుకుని హైవే దాటే మనిషి కారు కొనుక్కుంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ బైకు కంటే నయం అన్న ఒక్క కారణంతో అతనికి ఏదైనా అమ్మవచ్చా? అప్పు చేసి, ఏడేళ్లు ఈఎంఐ కట్టి అతను కొంటున్నది కుటుంబానికి రక్షణ అనుకుని. అది ఎంత రక్షణో చెప్పకుండా అమ్మడం అతని పేదరికాన్ని సాకుగా వాడుకోవడమే.

పైగా, స్టార్లు రాయడానికి ఖర్చెంత? కాగితం ఖర్చు. పరీక్ష ఖర్చంటారా, విదేశాల్లో రెండున్నర కోట్లు అయ్యేది ఇక్కడ 60 లక్షల్లో అయిపోతుందని భారత్ ఎన్‌క్యాప్ ప్రారంభం రోజున మీరే చెప్పారు. ఏడాదికి లక్ష కార్లు అమ్ముడయ్యే మోడల్‌కు ఆ ఖర్చు పంచితే బండికి 60 రూపాయలు. షోరూమ్‌లో కారు మీద కప్పే రిబ్బను ఖర్చు అంతకంటే ఎక్కువ ఉంటుంది.

బాడీని గట్టి చేయడానికి అయ్యే ఖర్చు వేరు, అది నిజంగానే ఉంటుంది. దాని కోసమే రెండో మాట చెబుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు కూడా పోయింది. చిన్న పెట్రోలు కారుకు అంతకుముందు అంతా కలిపి 29 శాతం ఉండేది. పాత పన్ను కలిపి అయిదు లక్షలున్న కారుకు లెక్క వేసి చూడండి, దాదాపు 43 వేలు తగ్గుతుంది. ప్రజల సొమ్ము నుంచి ఇచ్చిన పెద్ద రాయితీ ఇది. దీనికి అర్హత ఏమిటి? పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకూడదు. పొడవు కొలిచాం, ఇంజన్ కొలిచాం. గుద్దుకుంటే లోపలి మనిషి బతుకుతాడా అన్నది మాత్రం ఆ కొలతల్లో లేదు. నాలుగు మీటర్ల లోపు ఒదగడానికి కంపెనీలు బంపర్లు కత్తిరించి, డిక్కీ కుదించి, ఎన్ని తంటాలు పడ్డాయో మనమంతా చూశాం. పన్ను అడిగితే డిజైనే మారిపోతుంది. అదే పన్ను మూడు స్టార్లు అడిగితే బాడీ మారదా? రాయితీ ఇప్పటికిప్పుడు తీసేయమనడం లేదు. రెండేళ్లు గడువిచ్చి, ఆ తరువాత కనీసం మూడు స్టార్లు ఉన్న చిన్న కారుకే 18 శాతం వర్తిస్తుందని చెప్పండి చాలు. ఇది జీఎస్టీ కౌన్సిల్ తేల్చాల్సిన విషయమని తెలుసు. మా రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ ఆ కౌన్సిల్‌లో ఉన్నారు, వారికి కూడా ఈ లేఖ ద్వారానే మనవి చేస్తున్నాను. ప్రతిపాదన మాత్రం మీ శాఖ నుంచి వెళ్తేనే బరువుంటుంది.

ట్యాక్సీల సంగతి కూడా చెప్పాలి. కారు కొనేవాడికి ఎంచుకునే అవకాశమైనా ఉంది. హైదరాబాద్‌లో అర్ధరాత్రి విమానం దిగి క్యాబ్ ఎక్కేవారికి ఏ బండి వస్తే అదే. ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. వెనక సీటులో బెల్టు వెతికితే కొక్కెం సీటు కవర్ కింద కూరుకుపోయి ఉంటుంది. డ్రైవర్‌ను అడిగితే ‘వెనక అక్కర్లేదు సార్’ అంటాడు. పాపం, అతనికి ఎవరూ చెప్పలేదు. అతని బండి కూడా ఉన్నవాటిలో చవకైన మోడలే, పన్నెండు గంటలు అందులో కూర్చునేది అతనే. ప్రభుత్వ ఆఫీసులు అద్దెకు తీసుకునే కార్లకు, క్యాబ్ కంపెనీలు కొత్తగా చేర్చుకునే కార్లకు స్టార్ రేటింగ్ ఉండాలని టెండర్‌లోనూ లైసెన్సులోనూ ఒక షరతు పెడితే, చిన్న కార్ల మార్కెట్‌లో మంచి బండ్లకు గిరాకీ అక్కడే మొదలవుతుంది.

స్టార్లు ఉంటే అన్నీ తీరిపోతాయని చెప్పడం లేదు. అయిదు స్టార్ల కారైనా 120 వేగంతో పోయి, ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దితే నేను రాసే రిపోర్టులో పెద్ద తేడా ఉండదు. లైట్లు లేకుండా రోడ్డు మీద నిలిపిన లారీలు, డివైడర్‌కు ఇష్టం వచ్చినచోట కొట్టిన గండ్లు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు, వీటన్నిటి మీదా మీకు వేరే ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. పాత స్టార్లూ కొత్త స్టార్లూ ఒకటి కావన్నది కూడా జనానికి చెప్పాలి. 2022 జూలై నుంచి గ్లోబల్ ఎన్‌క్యాప్ నిబంధనలు కఠినం చేసింది. పక్క నుంచి తగిలే దెబ్బను, బండి జారకుండా పట్టే ఈఎస్‌సీని, పాదచారుల రక్షణను లెక్కలోకి తెచ్చింది. 2018లో అయిదు తెచ్చుకున్న నెక్సాన్ 2024లో ఆ కొత్త పరీక్షలోనూ అయిదు తెచ్చుకుంది. అందరికీ అలా రాకపోవచ్చు. అందుకే స్టార్ల పక్కన సంవత్సరం ఉండాలి. టెస్టు చేసిన వేరియంట్ ఏదో, అందులో ఎన్ని ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో ఉండాలి. టాప్ ఎండ్‌కు వచ్చిన స్టార్లను చూపించి బేస్ మోడల్ అమ్మే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదు.

పిల్లల స్టార్లు వేరుగా రాయించమని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. మనవాళ్లు పసిపిల్లలను ముందు సీటులో ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు, ప్రేమతోనే. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే వేగానికి ఆ పాపకూ దానికీ మధ్య ఏమీ ఉండదని వాళ్లకు తెలియదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో ఉండాలని 2019లో సవరించిన చట్టం చెబుతోంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. ఆ జరిమానా రాసిన చలానా నేనింతవరకు చూడలేదు. కారు అద్దం మీదే ‘పిల్లల రక్షణ: ఇన్ని స్టార్లు’ అని కనబడితే, అదేమిటని షోరూమ్‌లో ఒక తల్లి అడుగుతుంది. చైల్డ్ సీటు గురించి సేల్స్ కుర్రాడు మొదటిసారి నోరు విప్పాల్సి వస్తుంది.

లేబుల్ ఎలా ఉండాలో నాకు తోచింది రాస్తున్నాను, మీ అధికారులు సరిదిద్దుకోవచ్చు. షోరూమ్‌లో నిలబెట్టిన ప్రతి కారుకూ ముందద్దం మీద ఎడమ వైపున అరచేయంత కాగితం. పైన పెద్ద అక్షరాల్లో పెద్దల రక్షణకు ఎన్ని స్టార్లు, పిల్లల రక్షణకు ఎన్ని స్టార్లు. కింద పరీక్ష చేసిన నెల, సంవత్సరం, వేరియంట్ పేరు, ఎయిర్‌బ్యాగుల సంఖ్య. ఆ కింద బాడీ నిలకడగా ఉందా లేదా అన్నది ఒక్క ముక్కలో. పరీక్ష చేయించకపోతే ఇవన్నీ తీసేసి ఒకే వాక్యం. ఇవే వివరాలు ధరల పట్టికలో, బ్రోచర్‌లో, పేపర్ ప్రకటనలో, బుకింగ్ రసీదు మీద కూడా. ఒక్క ఇంగ్లిషులోనే ఉంటే సరిపోదు. మా దగ్గర తెలుగులో ఉండాలి, తమిళనాడులో తమిళంలో ఉండాలి.

దీనికి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చిన్న సవరణ సరిపోతుంది. దసరా, దీపావళి మధ్య మా ఊళ్లో షోరూములు రాత్రి పది దాకా తెరిచి ఉంటాయి, ఏడాదంతా కూడబెట్టిన డబ్బుతో జనం అప్పుడే వస్తారు. వచ్చే దసరాకు ముందే ఆ ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలకు గడువు పెట్టండి. అభ్యంతరం చెప్పే కంపెనీ ఏదైనా ఉంటే, ఎందుకు చెబుతోందో ఆ కారణాన్ని కూడా ప్రజలకు కనబడేలా మీ వెబ్‌సైట్‌లో ఉంచండి.

ఇట్లు,
ఒక మోటారు బీమా సర్వేయర్,
సూర్యాపేట